లక్ష్మణమ్మ వెయ్యని ఓటు

భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే జాలరి పల్లెలో లక్ష్మణమ్మను ఎరగనివాళ్లు లేరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఇరవై ఊళ్లు తిరిగిన మనిషి. ఎమ్మెల్యేకు ఓటేసింది, ఎంపీకి వేసింది. యాభై ఏడేళ్లొచ్చినా సర్పంచికి మాత్రం ఒక్కసారీ వెయ్యలేదు. ఆ పల్లెలో ఎప్పుడూ ఏకగ్రీవమే మరి. కులపెద్దలు కూర్చుని ఒక పేరు అనుకుంటారు, అంతటితో సరి. ఏకగ్రీవమంటే మనకు మహా ముచ్చట, పేపర్లో ఫొటో కూడా వేస్తారు.

ఈసారి పదవి ఆడవాళ్లకు వచ్చింది. పెద్దమనిషి సోములు కోడలు ఉష పేరు అనుకున్నారు. ఉషను మాత్రం ఎవరూ అడగలేదు. ఆ సంగతి విన్న లక్ష్మణమ్మ, మొగుడు లక్ష్ముడిని వెంటబెట్టుకుని వెళ్లి తనూ నామినేషన్ వేసి వచ్చింది.

సాయంత్రం సోములు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. పదవి మీద మోజు పుట్టిందా అని అడిగాడు.

"పదవి నాకెందుకు మావా? పోటీ ఉంటేనే కదేటి ఓటు పెడతారు. ఒక్కపాలి నా సేత్తో సర్పంచికి ఓటేసుకోవాలని ఉన్నాది. ఓడిపోయినా పర్లేదు."

సోములు చెడ్డవాడు కాదు. పక్క ఊళ్లో ఓట్ల గొడవకు అన్నదమ్ములు మాటలు మానేసి, లాగే మనుషులు చాలక పెద్దవలలు పాకల్లో చివికిపోవడం కళ్లారా చూసినవాడు. ఊరు రెండైపోతుందని నచ్చజెప్పాడు. ఆమె వినలేదు. కోప్పడకుండానే లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న లక్ష్ముడూ తమ్ముళ్లూ పడవ మీద వెళ్లి పెద్దవల చుట్టి వచ్చారు. అది ఒడ్డుకు రావాలంటే రెండు తాళ్లకూ కలిపి నలభై మంది పట్టాలి. ఎవరి వల పడినా ఊరంతా వచ్చి లాగడం, చేపలో వాటా పట్టుకెళ్లడం అక్కడి రివాజు. ఆ రోజు ఎవరూ తాడు ముట్టలేదు. మగాళ్లు ఇసుకలో కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకుంటున్నారు. లక్ష్మణమ్మ పేరుపేరునా పిలిచింది. ఆమె చేతుల్లో పెరిగిన పక్కింటి తాయారు కూడా తల తిప్పుకుంది. ఇంట్లోవాళ్లు ఐదుగురూ ఎంతసేపు లాగినా వల జానెడు జరగలేదు. చివరికి పడిన చేపనంతా వదిలేసి, ఖాళీ వలను పడవలోకి లాక్కున్నారు.

లక్ష్ముడి అరచేతులు తాడుకు కోసుకుపోయాయి. కాయితం వెనక్కి తీసుకోమని అతను ఒక్క మాటైనా అనలేదు. అని ఉంటే పోట్లాడేది. అనకపోవడమే ఆమెకు భరించరానిదైపోయింది. పోలీసులకు చెప్పుకుందామా అంటే ఏమని చెప్పాలి? తాడు పట్టలేదని ఎవరి మీద కేసు పెడతారు? ఆ పూట అన్నం ముందు కూర్చుని గట్టిగా ఏడ్చేసింది.

నామినేషన్లు వెనక్కి తీసుకునే ఆఖరి రోజున ఆఫీసుకు వెళ్లింది. తోడుగా వస్తానని సోములు ఆటో తెచ్చి, తను బయటే ఉండిపోయాడు. లోపల ఎన్నికల అధికారి రేఖ మంచి పిల్ల. ఎవరైనా బెదిరించారా అమ్మా అని రెండుసార్లు అడిగింది.

"ఎవులూ ఏటీ అన్లేదమ్మా" అంది లక్ష్మణమ్మ. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. సంతకం పెట్టింది.

అయితే మీ ఊళ్లో పోలింగు ఉండదని రేఖ చెప్పింది. మళ్లీ ఎప్పుడని అడిగితే ఐదేళ్లకంది. లక్ష్మణమ్మ బయటికి వచ్చింది. సోములు పక్కకు జరిగి ఆటోలో చోటిచ్చాడు. దారిలో ఆప్యాయంగా చెప్పాడు:

"రేపు పొద్దున్నే వలెయ్యండి. ఊరంతా వస్తాది."