ఎడమకు గుంజే కారు

మా కారు జ్యోతినగర్‌ల ఒక ఇంజనీరు సారు దగ్గర కొన్నది. అప్పటికే పాతది. నేను బసంత్‌నగర్ బడిల పాఠాలు చెప్త. రోజూ బస్సుల నిలబడి పోలేక సతమతమైతుంటె మా ఆయన ఆ కారు కొన్నడు. ఆయనది బొగ్గు బాయిల డ్యూటీ. షిఫ్టులు మారుతనే ఉంటయి. అందుకని కారు నడిపేది ఎక్కువ నేనే.

ఆ వానకాలంల, లారీలు తిరిగి తిరిగి పాడుచేసిన రోడ్డు మీద ఎడమ దిక్కు ముందు చక్రం ఒక గుంతల ధన్‌మని పడ్డది. తెల్లారి నుంచి కారు ఎడమకు గుంజుడు మొదలువెట్టింది. స్టీరింగు కొంచెం కుడికి పట్టుకుంటెనే సక్కగ పోతది. స్పీడుబ్రేకరు ఎక్కి దిగితె లోపల ఎక్కడ్నో టక్కుమంటది.

మా ఆయన ఆదివారం బజారు దాక నడిపి చూసిండు.

"కారుకు ఏం కాలే. నీ చెయ్యే ఎడమకు పోతున్నది," అన్నడు.

బడిల తోటి టీచర్లు సుత నవ్వుకుంట గదే మాట అన్నరు. నేను మాత్రం తప్పు ఎక్కడున్నదో పట్టేదాక వదలొద్దని అనుకున్న.

ముందుగాల టైర్ల గాలి చూపిచ్చిన. రెండు దిక్కుల సమానమే ఉన్నది. ముందు టైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్పిచ్చిన. అయినా ఎడమకే గుంజింది. అంటె టైరుది తప్పు కాదు. గోదావరిఖనిల మెకానిక్ దగ్గర చక్రాల అలైన్‌మెంటు చేపిచ్చిన. కొన్ని రోజులు బాగనే పోయింది, మళ్ళ మొదటికొచ్చింది. సరిచేసింది నిలుస్తలేదంటె, నిలవనియ్యని వదులు ఏదో లోపల ఉన్నట్టే కదా అనిపిచ్చింది.

బడికి సెలవు రోజు చూసుకొని, పొద్దున్నే వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, ఎడమ చక్రాన్ని జాకీతోని లేపిన. మా అత్తమ్మ వాకిట్ల చింతపండు గింజలు తీస్తున్నది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా? మీద పడితె ఎట్ల?"

"కిందికి పోను అత్తమ్మా."

చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపిన. కదల్లే. రెండు పక్కల పట్టి ఊపిన. టక్కుమన్నది. ఇంకోసారి ఊపిన, మళ్ళ గదే చప్పుడు. కాని ఆ చప్పుడు ఎక్కడ పుడుతున్నదో చూడాలంటె, ఇంకో మనిషి స్టీరింగు తిప్పాలె.

జాకీ దించి, అత్తమ్మను అడిగిన. ఆమె చేతులు కడుక్కొని వచ్చి, చీర సర్దుకొని డ్రైవరు సీట్ల కూసున్నది. రెండు చేతులతోని స్టీరింగు గట్టిగ పట్టుకున్నది.

"గిది ఎటు తిప్పాలె?"

"కొంచెం ఎడమకు, కొంచెం కుడికి. ఆపకు."

నేను పక్కన నేల మీద వంగి, చక్రం వెనక్కి ఫోను లైటు కొట్టిన. స్టీరింగు నుంచి వచ్చే రాడ్డు ముందు కదుల్తున్నది, చక్రం ఒక్క క్షణం ఆగి దాని వెంట పోతున్నది. రెండూ కలిసే కీలు మీది రబ్బరు చినిగిపోయింది. లోపల గ్రీజు లేదు, నల్లటి దుమ్మున్నది. కుడి దిక్కు పోయి చూసిన. అక్కడ ఇసుమంత సుత వదులు లేదు.

"దొరికింది అత్తమ్మా! కారు కీలు అరిగింది."

"మనుషులకు అరిగినట్టేనా?"

"గట్లనే. ఇగ చాలు, దిగు."

"ఉండు, ఇంకో రెండుసార్లు తిప్పుత," అన్నది నవ్వుకుంట.

నెమ్మదిగ నడుపుకుంట మెకానిక్ దగ్గరికి పోయిన. "అన్నా, ఈసారి అలైన్‌మెంటు తర్వాత. ముందు ఎడమ దిక్కు కీలు చూడు," అన్న. ఆయన చక్రం లేపి ఊపి, "నిజమే అక్కా, ఇది పోయింది," అని కొత్తది ఏసిండు. అలైన్‌మెంటు ఆ తర్వాతనే చేసిండు.

వచ్చేటప్పుడు స్టీరింగు మీద చేతులు ఉట్టిగ ఆనిచ్చి ఉంచిన. కారు తన దారిన తాను పోతున్నది. స్పీడుబ్రేకరు దాటినంక చెవి పెట్టి విన్న. ఏ చప్పుడూ లేదు. ఆ ఖాళీ రోడ్డు మీద ఒక్కదాన్నే పకపక నవ్విన.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, కాలనీ చివరి దాక నడుపుకొని పోయి వచ్చిండు. తాళం నా చేతిల పెట్టి, కుడి చక్రం పక్కన గొంతుక్కూసున్నడు.

"ఈ దిక్కుది సుత చూద్దాం. ఎట్ల ఊపినవో ఒకసారి చూపియ్యి," అన్నడు.