మేనత్త అంబలి కుండ

మా మేనత్త మొన్న మంగళవారం పొద్దున సూర్యాపేట దవాఖానలో కన్నుమూసింది. వయసు మీద పడి పోయిందని అందరూ అంటున్నారు. కాదు. మెడికల్ షాపు నడిపే మేనల్లుణ్ని, అంటే నన్ను, నమ్మి పోయింది.

మోతె దగ్గర పల్లెలో గొర్రెలు కాసిన మనిషి. పొద్దున్నే జొన్న అంబలి, చల్ల, ఉల్లిగడ్డ. కుండను ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేసేది కాదు. అడుగున గరిటెడు ఉంచి, చల్లారిన జావ దాని మీద పోసేది. తెల్లారేసరికి పులిసేది. ఇరుగుపొరుగు అంబలి పులియబెట్టే తోడు కోసం గిన్నెలతో ఆమె దగ్గరికే వచ్చేవారు.

"కుండ ఎండనియ్యొద్దు అల్లుడా, కడుపు ఎండుతది" అనేది. నేను నవ్వేవాణ్ని.

కిందటేడు కాలు విరిగితే మా ఇంటికి తెచ్చుకున్నాం. కుండనూ ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ఆ పులుపు వాసన నాకు పడలేదు. బ్లీచింగ్ పౌడర్ వేసి నేనే తోమేశాను.

"ఖతం చేసినవ్ గదరా" అంది. మళ్లీ ఎన్నడూ అడగలేదు.

ఇక బ్రెడ్డు, బిస్కెట్లు, పాలు. విరేచనాలైతే షాపులోంచి యాంటీబయాటిక్ గోలీలు తెచ్చి చేతిలో పెట్టేవాణ్ని. తగ్గేవి, మళ్లీ మొదలయ్యేవి. ఇంకా పెద్ద గోలీ ఇచ్చేవాణ్ని. డాక్టరుకు చూపించాలని తోచలేదు. నాకు తెలియనిదేముందని పొగరు!

చివరికి దవాఖానలో చేర్చాక డాక్టరమ్మ అన్నీ అడిగి తెలుసుకుంది.

"పేగుల్లో మనకు మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటయి. మీ గోలీలతో చాలా వరకు చచ్చిపోయినయి. మిగిలినవాటికి జొన్నలు, పప్పులు, ఆకుకూరల పీచే తిండి. అదీ బంద్ పెట్టిన్రు. ఇప్పుడు లోపల చెడ్డవే పెరిగినయి" అంది.

మంచం మీద మేనత్త అంతా విన్నది. "పరేషాన్ కాకు అల్లుడా, నా మంచికే చేసినవ్" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటే నన్ను తినేస్తోంది.

మూడో దినం నాడు పల్లెలో పక్కింటామె లోటాడు అంబలి తెచ్చింది.

"తాగు బిడ్డా. మీ అత్త ఇచ్చిన తోడే. నా కుండల ఇంకా పులుస్తనే ఉన్నది."

అది తాగితే అత్త బతికేదని నేను చెప్పలేను. పక్కింటామెకు ఒక్క ఫోన్ చేసి తోడు అడిగితే అత్త చేతికైనా అందేది. లోటా పట్టుకుని గడప మీద అట్లాగే కూర్చున్నాను. అంబలి మీద చిన్న చిన్న బుడగలు లేస్తూ, పగులుతూ, మళ్లీ లేస్తున్నాయి.