బావ ఎడమచేతి దరువు

మొన్న చౌటుప్పల్ బస్టాపులో నిలబడి ఉంటే ఒక పెళ్లి ఊరేగింపు వెళ్లింది. ముందు వ్యాను, దాని మీద మనిషెత్తు స్పీకర్లు, గుండెలు అదిరే మోత. అంత మోతలోనూ ప్రతి దెబ్బా ఒకే బరువుతో, ఒకే ఎడంతో పడుతోంది. నాకు తెలియకుండానే నా వేళ్లు చేతిసంచి మీద ఆ దరువును సవరించడం మొదలుపెట్టాయి. పక్కనున్న ఆమె నా చెయ్యి చూసి, "ఏమైందమ్మా, వణుకుతాందా?" అని జాలిగా అడిగింది. అరవై దాటిన మనిషిని అలా అడగడంలో తప్పేమీ లేదు. లేదని నవ్వేశాను గానీ, బస్సెక్కి కూర్చున్నాక దారి పొడుగునా మా బావే గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. తొంభైల మొదట్లో నల్లగొండలో పెళ్లిళ్లకు పాటలు పాడే ఒక ఆర్కెస్ట్రాలో ఆయన ఢోలక్ వాయించేవాడు. కేతేపల్లిలో మా నాయిన చర్చిలో పాడేవాడు. ఆయన దగ్గర హార్మోనియం నేర్చుకున్న ధైర్యంతో నేను అదే ఆర్కెస్ట్రాలో కీబోర్డు ముందు కూర్చునేదాన్ని. మిగతా రోజుల్లో పిల్లలకు ఎక్కాలు చెప్పే టీచర్ని. ఆర్కెస్ట్రా నడిపేది రేడియోలు బాగుచేసే ఒక పెద్దమనిషి, అందరికీ చాచా. బావ ఢోలక్ మొదలుపెట్టాడంటే వంటల దగ్గర ఉల్లిగడ్డలు తరిగే ఆడవాళ్ల కత్తులు కూడా ఆ లెక్కలోనే పడేవి. ఇది నేను కళ్లతో చూశాను. ఆ సంగతి చెబితే బావ మీసం కింద నవ్వుకుని, ఇంకొంచెం గట్టిగా వాయించేవాడు.

అలాంటి మనిషి ఓ పొద్దున కంకర తేలిన రోడ్డు మీద స్కూటర్ జారి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో పిండికట్టు వేసి, చెయ్యి కదపొద్దన్నారు. ఒప్పుకున్న పెళ్లిళ్లు మాత్రం ఆగవు కదా. చాచా హైదరాబాదు వెళ్లి ఎవరో వాడి వదిలేసిన డ్రమ్ మిషిను ఒకటి తెచ్చాడు. పలకంత నల్లటి డబ్బా, దాని మీద రబ్బరు మీటలు, వేగం పెంచడానికి తగ్గించడానికి ఒక గుండీ. అందులో ముందే నింపి ఉన్న దరువునే పెట్టుకుని చౌటుప్పల్‌లో ఒక పెళ్లికి వెళ్లాం. రెండో పాటకే అంతా చెదిరిపోయింది. స్పీకర్లన్నీ జనం వైపే ఉండి మిషిను చప్పుడు మాకే సరిగా వినిపించక గాయకుడు ముందుకు పరిగెత్తాడు, నేను అతని వెనక పరిగెత్తాను, డబ్బా మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా తన దారిన తాను పోయింది. ఎగిరి ఆడటానికి లేచిన పిల్లలు మళ్లీ కూర్చున్నారు. పెళ్లికొడుకు మేనమామ వచ్చి, "గిదేందయ్యా, బట్టలు కుట్టే మిషిను లెక్క కొడ్తాంది!" అన్నాడు. చాచా తల దించుకున్నాడు.

మరునాడు ఆయన, తర్వాత ఒప్పుకుని ఉన్న కోస్గి పెళ్లి వాళ్లకు రాలేమని చెప్పి పంపుతానన్నాడు. ఆ పెళ్లికి ఇంకా పది రోజులుంది. "నాకు ఆ పది దినాలు ఇయ్యి చాచా. గది దారికి రాకపోతే అప్పుడే చెప్పి పంపు," అన్నాను. ఎందుకంత గట్టిగా అన్నానో నాకే తెలియదు. ఆయన "సరే బేటీ, జర జల్దీ చెయ్యి," అని డబ్బా నా చేతిలో పెట్టాడు.

రోజూ బడి నుంచి వచ్చి అక్క వాళ్ల ముందు గదిలో దాని ముందు కూర్చునేదాన్ని. దాని గుణం మెల్లగా అర్థమైంది. మనం మీట మీద ఎప్పుడు కొట్టినా అది కాలాన్ని సమానమైన గడులుగా కోసుకుని, ఆ దెబ్బను దగ్గరున్న గడిలోకి జరిపి సర్దేస్తుంది. అందుకే అంత బిగుతు, అందుకే అంత పొడి. ఆ సర్దుడు ఆపేసి నా వేళ్లతోనే కొడితే, దెబ్బలు సంతలో జనం లాగా ఎటుబడితే అటు పోయాయి. బావను కూర్చోబెట్టుకుంటే తప్ప లాభం లేదనిపించింది. అడిగితే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నా జాగల కూసున్న డబ్బాకు నేనే నేర్పాల్నా? నువ్వే అడుగుతున్నవా పిల్లా?"

ఆయన భయం నిజమే. డబ్బా పనికొస్తే ఢోలక్ ఎవరికి కావాలి? అక్క కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది. నేను మాత్రం మానలేదు. రెండు రోజులు, మూడు రోజులు, ఆ తప్పుడు దరువునే తిప్పి తిప్పి వాయించాను. నాలుగో రోజు సాయంత్రం గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. మెడలో వేలాడే కట్టు, ముఖంలో కోపం.

"ఆపవే తల్లీ! చెవులు పుండ్లయినయ్. మూడో దెబ్బ జర ఆగి పడాలె. గంత తొందరెందుకు దానికి?"

"ఎంత ఆగాలె బావా?"

"ఎంతంటే ఏం చెప్పాలె! జరుగు."

వచ్చి కూర్చుని ఎడమచేత్తో మీటలు తాకాడు. అప్పటి నుంచి ఇద్దరికీ అదే పని. లోతుగా మోగే పెద్ద దెబ్బల్ని మిషిను గడిలోనే కదలకుండా ఉంచాం. కాలు ఎత్తేవాడికి నేల అక్కడే దొరకాలి. మధ్యలో పడే చిన్న దెబ్బలకు మాత్రం సర్దుడు తీసేసి బావ వేళ్లకు వదిలాం. ఒకటి గట్టిగా, దాని పక్కది వినీ వినపడనట్టు, మూడోది వెంట్రుకవాసి ఆలస్యంగా. ఎడమచెయ్యి మాట వినక ఒక్క వరసను నలభైసార్లు చెరిపి మళ్లీ కొట్టాడు. మధ్యలో విసిగి మీటల మీద గుద్దితే, కట్టులో ఉన్న చెయ్యి కలుక్కుమని "అబ్బా" అన్నాడు. మళ్లీ వాయించాడు. ఎనిమిదో రోజు వంటింట్లో చపాతీలు ఒత్తుతున్న అక్క కర్ర చప్పుడు ఆ దరువులో పడింది. మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం.

కోస్గిలో చాచా ఒక చిన్న స్పీకరును మావైపు తిప్పి పెట్టాడు, మిషిను మాకు వినబడేలా. బావ వేదిక పక్కన వేగం గుండీ మీద ఎడమచెయ్యి పెట్టి నిలబడ్డాడు. మొదటి పాటకు పిల్లలు లేచారు, మూడో పాటకు ముసలాయన ఒకాయన రుమాలు నడుముకు కట్టుకుని దిగాడు. నేను బావ వైపు చూశాను. ఆయన జనాన్ని చూడటం లేదు. కళ్లు మూసుకుని మూడో దెబ్బ కోసం వింటున్నాడు.

కట్టు విప్పాక మణికట్టు మునుపటిలా తిరగలేదు. ఢోలక్ కొన్నాళ్లు ప్రయత్నించాడు, తర్వాత మేనల్లుడికి ఇచ్చేశాడు. ఆ రోజు అక్క ఏడ్చింది, బావ ఏడవలేదు. డబ్బాను మాత్రం వదల్లేదు. పాలమూరు నుంచి కూడా ఆర్కెస్ట్రా వాళ్లు తమ మిషిన్లు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు, దరువులు నింపించుకోవడానికి. "డబ్బాకు నువ్వు నేర్పినదే," అని నేనంటే, "నేనేడ నేర్పిన? నువ్వు సతాయిస్తే లేచి వచ్చిన," అనేవాడు.

బావ పోయి చాలా ఏళ్లయింది. మునుపటి సంగతులు చాలామటుకు ఏ ఏడు ఏది జరిగిందో కూడా తెలియకుండా కలగలిసిపోయాయి. ఆ పది రోజులు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా గుర్తున్నాయి. కాలం మనకు దొరికిన రోజులన్నిటినీ తీసుకుపోతుంది గానీ, పంతం పట్టి గడిపిన వాటి దగ్గర దానికీ కాస్త చెయ్యి ఆడదనుకుంటాను.