నెత్తిన పెట్టుకున్న ఇప్పపువ్వు

ఆ రోజుల్లో, అంటే బస్తర్‌లో ఇంకా రాజుగారి పాలన నడిచే కాలంలో, కొత్త కోడలికి ఉండాల్సిన బుద్ధి తప్ప మిగతావన్నీ నాకుండేవి. గోదావరి దిగువ నుంచి ఉసూరు దగ్గరి పల్లెకు కాపురానికొచ్చి నెల కూడా కాలేదు. ఊళ్లో అంతా దొర్ల తెగవాళ్లే. వాళ్లు చోటిస్తే భూమి చేసుకుని బతికే తెలుగు కుటుంబం మాదొక్కటే. పుట్టింట్లో తలలో పూలు లేకుండా పూట గడిచేది కాదు నాకు. ఇక్కడ మల్లెతీగ ఊసే లేదు (అత్తగారిని అడిగితే "అడివి నిండా పూలే కదే" అన్నారు. అదే నా కొంప ముంచింది).

ఒకరోజు తెల్లవారుతుండగా నీళ్లకు వెళ్తూ చూద్దును కదా, ఇప్పచెట్టు కింద నేలంతా పూలే. కోయక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. పైగా ఒక్కో పువ్వుకీ మధ్యలో దేవుడే పెట్టినట్టు బెజ్జం. గడ్డిపరకకు మూరెడు గుచ్చి జడలో తురుముకున్నాను. ఇల్లు చేరేలోపే తేనెటీగలు నా వెంట ఊరేగింపు కట్టాయి. జుట్టంతా బంకయింది, మెడ మీదికి చీమలు దిగాయి. కల్లుపాకలో పడుకుని వచ్చినట్టున్నావంటూ మా ఆయన ఆమడ దూరాన నిలబడ్డారు.

నవ్వులాట అక్కడితో ఆగితే బాగుండేది. కొత్తపువ్వుల పండుగ చేసి దేవతకు పెట్టేదాకా ఆ పువ్వు ఎవరూ నోట పెట్టకూడదట. పెడితే ఆ ఏడు చెట్లు పువ్వు రాల్చవట. ఎండాకాలంలో సగం రోజులు వాళ్లకదే తిండి. సంగతి పాకి ఊరిపెద్ద మా వాకిట్లోకి వస్తుంటే అత్తగారికి చెమటలు పట్టాయి. ఊరు పొమ్మంటే మేం మూటలు కట్టుకోవాల్సిందే. (నిజం చెప్పొద్దూ, గుచ్చుతూ గుచ్చుతూ నాలుగైదు తిన్నాను. ఇన్నాళ్లకు మీకే చెబుతున్నాను.)

ఆ చెట్టు పక్కింటి దొర్ల అవ్వది. అందరికంటే ముందు ఆమే వచ్చింది. నా మొహం ఒకసారి పరికించి, కొంగుతో నా గడ్డం మీది రసం గట్టిగా తుడిచేసి, అప్పుడు ఊరిపెద్ద వైపు తిరిగింది.

"ఈ పిల్ల తినలే పటేలా, నెత్తిన పెట్టుకుంది. నెత్తిన పెట్టుకుంటే తప్పేంది?"

ఆయన నా మెడ మీది చీమల్ని చూసి నవ్వాపుకోలేక, దాని శిక్ష అదే వేసుకుందిలే అని వెళ్లిపోయాడు.

ఆ ఏడు చెట్లు విరగబడి రాల్చాయి. పండుగనాడు దేవతకు పెట్టాక, అవ్వ తన వాటాలోంచి మొదటి దోసెడు తెచ్చి నా చేతుల్లో పోసింది. "ఇప్పుడు తిను బిడ్డా" అంది, ఆ 'ఇప్పుడు'ను కాస్త నొక్కి. నేను తల దించుకుని తిన్నాను. ఇవాళ ఆమె కాళ్లకు మొక్కి చెప్పడానికి నా దగ్గర బోలెడు మాటలున్నాయి, వినడానికి అవ్వే లేదు. చెప్పాల్సిన రోజున నా నోటి నిండా పువ్వే.