మార్తమ్మ టీచర్ చీపురాట

మంగళగిరిలో మా ఆఫీసు ముందు నుంచి మిరపకాయల లారీ వెళ్తే అందరూ తుమ్ముతారు. నాకు తుమ్ముతోపాటు మోకాళ్లు కూడా బిగుసుకుంటాయి, కూర్చున్నది కుర్చీ కాదు చీపురైనట్టు. అద్దంకి బడిలో మాకు చీపురాట నేర్పిన మార్తమ్మ టీచర్ అప్పుడు గుర్తొస్తారు.

చీపురెక్కి ఎగురుతూ, తాటిచెట్టుకు కట్టిన ఇనుప చక్రంలోంచి బంతి వెయ్యాలి. ఆట అంతే. చీపురుకు కాలు తగిలితే కళ్లకద్దుకోమనే నాయనమ్మ దగ్గర పెరిగినదాన్ని కదా, మొదటిరోజు దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ ఉండిపోయాను.

"దణ్ణం పెట్టుకుని ఎక్కవే. దానికేం కోపం రాదులే" అన్నారు టీచర్.

"భయమేస్తోంది టీచర్."

"వేస్తే వెయ్యనీ. కాళ్లు బిగించు."

ఎక్కాను. నేల ఊడవాల్సిన చీపురు ముందు నా ధైర్యాన్ని ఊడ్చేసింది.

మిరపకాయల కాలంలో ఆవిడకో పద్ధతి ఉండేది. పొద్దున్నే కల్లాల్లో తొడిమలు తీసి వచ్చేవాళ్లం కనుక, ఆటకు ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకుని సబ్బుతో కడుక్కోవాలి. ఉత్త నీళ్లకు ఆ ఘాటు వదలదు. చీమకుర్తి జట్టుతో పోటీనాడు, నూనె చేతులైతే పట్టు జారుతుందేమోనన్న దిగులుతో నేను నీళ్లతోనే సరిపెట్టుకున్నాను. తాటితలలు దాటాక చెమట కారింది. చేత్తో కళ్లు తుడుచుకున్నాను.

ఇక లోకమంతా మంట. చీపురు ఎటు పోతోందో, కింద ఏముందో తెలియదు.

"టీచర్, కళ్లు కనపడట్లా! పడిపోతున్నా!"

"అరవకే, ఇక్కడే ఉన్నా. పొద్దున ఏం తిన్నావ్?"

"చద్దన్నం!"

"ఏం నంజుకున్నావ్?" ఆవిడా చీపురెక్కి పక్కకొచ్చేశారేమో, గొంతు ఈసారి ఎడమవైపు నుంచి వచ్చింది.

"గోంగూర!"

"మీ అమ్మ మాకెప్పుడూ పంపదేం? ఇటు తిరిగి చెప్పు. కాస్త వంగు... ఇంకాస్త..."

ఆ గొంతు పట్టుకునే దిగాను. కాళ్లకు మట్టి తగలగానే కూలబడ్డాను. రెప్పలకు నూనె రాసి, ఆవిడే కళ్లు కడిగారు. తెరిచి చూస్తే, చెంబు పట్టుకున్న ఆవిడ చేతులు వణుకుతున్నాయి. సగం నీళ్లు చీర మీదే ఉన్నాయి.

"మీకూ భయమేసిందా టీచర్?"

"చచ్చేంత. నువ్వు దిగినాక వేసింది. అంతకుముందు తీరికెక్కడిదే?" అంటూ ఆ మట్టిలోనే నా పక్కన చతికిలబడ్డారు.

ధైర్యం నాకు ఈనాటికీ అబ్బలేదు. మొన్న మా అమ్మాయి మొదటిసారి చీపురెక్కి లేస్తుంటే, నా గుండె దానికంటే పైకి లేచింది. అయినా నవ్వుతూ చెయ్యూపాను. అది దిగి, చెప్పులేసుకుని, ఆకలంటూ ఇంటిదారి పట్టాక, గట్టుమీద కూర్చుని తీరిగ్గా వణికాను.