మూట మోస్తూ పరుగెత్తిన బావ

ముందే ఒప్పేసుకుంటాను: చిలవలు పలవలు అల్లకుండా నేను ఏదీ చెప్పలేను. మా ఇంట్లో దోమ కుడితే, నేను వీధి చివరికెళ్లి చెప్పేసరికి అది రాబందు అయి ఉంటుంది. కనుక ఇదంతా సగానికి సగం తగ్గించుకుని చదవండి.

మొన్న పొద్దున మా అపార్ట్‌మెంటు జిమ్ములో, కొత్తగా వచ్చిన కోచ్ అమ్మాయి నా పొట్టను జాలిగా చూసి, "నడక ఒక్కటే చాలదు సార్, బరువులు కూడా ఎత్తాలి. కార్డియో, స్ట్రెంగ్త్ రెండూ ఉండాలి. మెల్లగా మొదలుపెడదాం" అంది. సరిగ్గా ఇదే మాట ఆరేళ్ల కిందట మా బావకు డాక్టరు చెప్పాడు.

బావ అంటే మా అక్క మొగుడు. నగర్తపేటలో చీరల హోల్‌సేల్ అంగడి ఆయనది. అంగడి కింద, గోడౌను మూడో అంతస్తులో. మధ్యన మూడు వందల మెట్లు, పట్టపగలు కూడా పాతాళంలా చీకటి. వారంలో కొన్నాళ్లు చురుగ్గా నడవమనీ, కొన్నాళ్లు చిన్న చిన్న బరువులు ఎత్తమనీ డాక్టరు చెప్పాడు. సగం లోడుతో లారీ కదిలితే కడుపు తరుక్కుపోయే మనిషి మా బావ. "వేరే వేరే దినాలు ఎందుకప్పా? రెండు సరుకులూ ఒకే లారీలో ఏస్తే ఒక ట్రిప్పుతో అయిపోతాది" అన్నాడు. మర్నాటి నుంచి ఏనుగు పిల్లంత చీరల మూట భుజాన వేసుకుని ఆ మెట్ల మీద పరుగు. కింద నిలబడి ఫోనులో సమయం చూసే ఉద్యోగం నాది.

నాలుగో రోజు మొదటి విడత దిగివచ్చేసరికి ఆయన ముఖం తడిసిన సున్నపు గోడలా ఉంది. ఎడమ చెయ్యి రుద్దుకుంటున్నాడు. ఎదురింటి చూరు మీద పావురాలు కూడా గొంతు మూసుకున్నాయి. టిఫిన్ క్యారియర్‌తో వచ్చిన అక్క నన్ను పక్కకు లాగింది. "నిన్నట్నుంచి ఆ చెయ్యి పిసుక్కుంటానే ఉండాడు రా. నా మాట యాడ వింటాడు? నువ్వన్నా చెప్పు."

"కండ పెరుగుతా ఉండాదే! పెరిగేటప్పుడు నొయ్యదా?" అని బావ నవ్వాడు. నవ్వు సగంలోనే ఊపిరి చాలక ఆగిపోయింది.

నేను గట్టిగానే చెప్పాను. "చాలు బావా, ఇంక మూట ఎత్తొద్దు. డాక్టరు దగ్గరికి పోదాం పా" అన్నాను. ఆయన వినలేదు. మూట ఎత్తుకున్నాడు.

అడుగుల చప్పుడు మొదటి అంతస్తు దాటింది. రెండోది దాటింది. ఆగింది. ముందు మూట వచ్చింది, దొర్లుకుంటూ, మెట్టు మెట్టుకీ విచ్చుకుంటూ, నా కాళ్ల దాకా చీరలు పరుచుకుంటూ. బావ రాలేదు. మేమే ఎక్కి దించుకొచ్చాం. ఆస్పత్రి చేరేసరికే అంతా అయిపోయింది.

ఇక నిజం. మెట్లు నలభై ఎనిమిదే. మూట మామూలు మూట. పావురాలు కూస్తూనే ఉండి ఉంటాయి. ఇవి కోతలని మీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది, వాటిని అబద్ధాలు అనలేం. నేను ఆడిన అబద్ధం ఒక్కటే: బావను ఆపానన్నది. అక్క నా ముఖంలోకే చూస్తూ నిలబడి ఉండగా, నేను ఫోను ఆయన కళ్ల ముందు ఆడించి, "నిన్నటికన్నా ఐదు సెకండ్లు ఎక్కువాయె బావా, ముసిలోడివైపోతివే!" అన్నాను. ఆయనకు పౌరుషం వచ్చింది.

ఐదు సెకండ్లు. ఆరేళ్లయినా అవింకా గడవలేదు.