మాకంటే ముందే వచ్చి ఇల్లు అడిగినావిడ

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మొదట నవ్వేది నేనే. ఆఫీసులో నా ఉద్యోగం కూడా ఇంకొకరు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడమే. కళ్ళకు కనపడనిది ఒప్పుకునే రకాన్ని కాదు. మిమ్మల్ని నమ్మించాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, తప్పెక్కడుందో దొరికితే నాకూ చెప్పండి.

మాది భీమవరం వైపు. పుప్పాలగూడలో పెద్ద అపార్ట్‌మెంట్లో పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. స్కూటీ మీద వెళ్తుంటే కారు గుద్ది నా రెండు కాళ్ళూ దెబ్బతిన్నాయి. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలను, మెట్లు మాత్రం ఎక్కలేను. లిఫ్టు ఆగితే ఆ రోజు నాకు ఇల్లే జైలు. లిఫ్టు పనిచేసినా కింద మళ్ళీ మెట్లే. ప్రతిసారీ ఎవర్నో ఒకర్ని పిలవాల్సి రావడం ఎంత ఏడుపు తెప్పిస్తుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. నాకు కావలసింది ఒక్కటే, నా అంతట నేను వీధిలోకి వెళ్ళగలిగే ఇల్లు.

అలాంటివి యాప్‌లో కనపడేసరికే ఎవరో బయానా ఇచ్చేసి ఉంటారు. అందుకని అమ్మకానికి పెట్టకముందే అడుగుదామని, ఆదివారాలు లింగంపల్లి దగ్గర పాత కాలనీల్లో తిరగడం మొదలుపెట్టాం. బోర్డు లేని ఇంటి గేటు తట్టి "మీ ఇల్లు అమ్ముతారా" అనడమంటే, ముక్కూమొహం తెలియనివాళ్ళని మీ అమ్మాయినిస్తారా అని అడిగినట్టే. మా ఆయన ప్రసాద్ సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఒకాయనైతే జవాబు చెప్పకుండా లోపలికెళ్ళి కుక్కని వదిలాడు.

అప్పుడు మా అమ్మ పద్ధతి చెప్పాను. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళినా సరే, అమ్మ ముందు డబ్బు మాట ఎత్తేది కాదు. మంచినీళ్ళు అడిగి తాగి, "ఈ నీళ్ళతో పప్పు ఉడుకుతుందాండీ?" అనేది. ఉప్పునీళ్ళయితే ఎంతసేపున్నా పప్పు ఉడకదు కదా. దాంతో ఇంటావిడ వంటింట్లోకి తీసుకెళ్ళి, కారే గోడతో సహా అన్నీ చూపించేసేది. మనుషుల్ని అలా మచ్చిక చేసుకోవడం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. అమ్మ పోయాకే నాకీ యాక్సిడెంట్ అయింది. ఒక రకంగా మంచిదే, చూసి తట్టుకోలేకపోయేది.

ప్రసాద్ ఆ ప్రశ్న వల్లించుకుంటూ గేట్ల దగ్గరికి వెళ్ళేవాడు. నేను కారులో కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున ఒక డాబా ఇల్లు కనపడింది. గుమ్మం ముందు మెట్ల బదులు సిమెంటుతో వాలు కట్టి ఉంది. కారు ఆపమని అరిచాను. ప్రసాద్ గేటు తీశాడో లేదో, తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ బయటికొచ్చి, అతన్ని దాటుకుని తిన్నగా నా కిటికీ దగ్గరికొచ్చారు.

"కాళ్ళు బాగలేని పిల్లవు నువ్వేనా బిడ్డా?" అన్నారు.

ఆవిడ పేరు సలోమమ్మ, సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ వాలు చక్రాల కుర్చీలో ఉండే భర్త కోసం కట్టించుకున్నది. ఆయన పోయాక, ఇల్లమ్మి సంగారెడ్డిలో చెల్లెలి దగ్గరికి వెళ్దామనుకుంటున్నారు.

"మొన్న ఒకామె వచ్చింది. కూసోమంటే కూసోలే. నీళ్ళు తాగి, ఈ నీళ్ళతోని పప్పు ఉడుకుతదా అని అడిగింది. వచ్చినోళ్ళంత గజాలు అడుగుతరు గని పప్పు ముచ్చట ఎవరడుగుతరు? కాళ్ళు బాగలేని పిల్ల కారుల వస్తది, ఇల్లు ఆమెకే ఇయ్యుండ్రి అన్నది. సరే అన్న. మీ అమ్మనే కదా?"

ప్రసాద్ ఊరుకోమని కళ్ళతో సైగ చేశాడు. అంతకుముందే ఒక బిల్డర్ మేమివ్వగలిగే దానికంటే ఎక్కువ ఇస్తానన్నాడని ఆవిడే చెప్పారు మరి. అయినా మనసొప్పలేదు. మా అమ్మ చనిపోయిందని చెప్పేశాను.

సలోమమ్మ కారు కిటికీ మీద చెయ్యి వేశారు. "పోయినోళ్ళను మస్తుమందిని చూసిన బిడ్డా. ఆమె నా చేతుల గ్లాసు అందుకొని తాగింది," అన్నారు. తర్వాత, "ఎవరైతే ఏంది, మాటిచ్చిన," అన్నారు. ఆ బిల్డర్ ఎన్నిసార్లు వచ్చినా ఆ మాట మీదే నిలబడ్డారు. అలాంటి మనిషికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలి.

అంతకుముందు మేమిద్దరం ఆ వీధి తొక్కలేదు. తర్వాత పిన్నినీ అత్తయ్యలనూ అడిగాను. ఎవరూ వెళ్ళలేదు.

అమ్మ ఫోటో చూపించడానికి మాత్రం భయమేసింది. తాళాలిచ్చిన రోజు ధైర్యం చేసి ఫోన్‌లో చూపించాను. సలోమమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఈమె గాదు," అన్నారు.

అమ్మే అయ్యుంటుందని లోపల ఎంత ఆశపడ్డానో నాకప్పుడు తెలిసింది.

ఆవిడ నా మొహంలోకి చూస్తూ అన్నారు. "అచ్చం నీ లెక్కనే ఉండె. జర వయసు ఎక్కువ, గందుకే అమ్మ అనుకున్న. ఆమెకు గూడ గీ కనుబొమ్మ కాడ కుట్ల గీత ఉన్నది. ఎవరో మంచిగ కుట్టిండ్రు అనుకున్న."

ఆ గీత నాకు యాక్సిడెంట్లో పడింది.

ఆమె ఎలా వచ్చిందని ప్రసాద్ అడిగాడు.

"నడుసుకుంటనే వచ్చింది. కర్ర గిట్ల ఏం లేదు. నేను గేటు దాంక వచ్చేలోపల మూల తిరిగి పోయింది."

ఆవిడ పొరబడ్డారని ప్రసాద్ అంటాడు. అయ్యుండొచ్చు. పప్పు సంగతి సలోమమ్మకెలా తెలుసంటే మాత్రం మాట మారుస్తాడు. నా కాళ్ళ గురించి డాక్టరు ఇప్పటికీ ఏదీ తేల్చి చెప్పడం లేదు. నేను రోజూ పొద్దున్నే వాకర్‌తో ఆ వాలు దిగి, ఎవర్నీ పిలవకుండా వీధి మూల దాకా వెళ్ళొస్తున్నాను.